సోడా ట్యాపు, పైపులు కడిగే ముందు

చిత్తూరు ఎండలకు మా కొట్లో సోడా ట్యాపుకి తీరికే ఉండదు. మొన్న మూతి విప్పి చూస్తే లోపల చీమిడిలా పసుపుపచ్చ జిగురు! మనసు చివుక్కుమంది, పిల్లలు తాగే సోడా కదా.

• ముందు గ్యాస్ సిలిండర్ వాల్వు కట్టేయండి. తర్వాత ట్యాపు తెరిచి, బుస్సుమనే చప్పుడు పూర్తిగా ఆగేదాకా ఉంచండి. ప్రెషర్ ఉండగా పైపు ఊడదీస్తే లోపలున్నదంతా మొహాన కొడుతుంది. అన్నిటికన్నా ముఖ్యం ఇదే.

• షట్టరు పూర్తిగా ఎత్తండి. సోడాలో కలిపే గ్యాస్, అంటే కార్బన్ డయాక్సైడ్, గాలికంటే బరువు, కిందే పేరుకుంటుంది. తల తిరిగినట్టుంటే వెంటనే బయటికొచ్చేయండి.

• లైన్ క్లీనర్లలో, అంటే పైపులు కడిగే మందుల్లో, చాలావాటిలో కాస్టిక్ (చర్మాన్ని కాల్చే ఘాటు క్షారం) ఉంటుంది. రబ్బరు గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి. నీళ్లలో క్లీనర్ పోయాలి, క్లీనర్‌లో నీళ్లు పోయకూడదు. కొలత డబ్బా మీద రాసినంతే.

• బ్లీచింగ్‌లో యాసిడ్ కలపకండి, క్లోరిన్ విషవాయువు వస్తుంది.

• కలిపిన క్లీనర్‌ని నీళ్ల బాటిల్లో అస్సలు పెట్టొద్దు. దాహం మీద ఎవరైనా ఎత్తి తాగేస్తారు.

• వాషర్లు విప్పిన వరసలోనే తెల్లగుడ్డ మీద పెట్టండి.

• ఎర్ర లిట్మస్ కాగితాలు (కాస్టిక్ తగిలితే నీలంగా మారేవి) దగ్గరుంచుకోండి. కడిగాక సోడా ట్యాపులోంచి వచ్చే నీళ్లలో ఒకటి, మామూలు నీళ్లలో ఒకటి ముంచితే రెండూ ఒకే రంగులో ఉండాలి. తేడా ఉంటే మళ్లీ కడగాల్సిందే.