అరగంట లంచ్ బ్రేక్ ఉన్నోళ్లకు కడుపునిండా అన్నం పెట్టాలంటే

కంపెనీల దగ్గర మెస్సో, చిన్న మీల్స్ హోటలో పెడదామనుకునేటోళ్ల కోసం రాస్తున్న. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్ కానీ, కొత్తూరు, చౌటుప్పల్ కానీ, మిర్యాలగూడ మిల్లుల దిక్కు కానీ, ఎక్కడైనా ముందు అర్థం చేసుకోవాల్సింది టైమ్ సంగతే, రుచి దాని తర్వాత.

అయిదు గంటలకు మించి ఏకధాటిగా పని చేపియ్యొద్దు, నడుమ కనీసం అరగంట రెస్ట్ ఇయ్యాలె అని 1948 ఫ్యాక్టరీల చట్టంల ఉండె, చాలా కంపెనీలు ఆ కనీసం దగ్గరనే ఆగిపోయినయి. అరగంట అంటరు గానీ లెక్క తియ్యండి. డ్రెస్ మార్చి, పంచ్ కొట్టి గేటు దాటేసరికి అయిదు నిమిషాలు, నడిచి మీ హోటల్‌కు రానీకి నాలుగు, మళ్ల పోనీకి నాలుగు, చేతులు కడుగుడు ఒకటి రెండు. మిగిలింది పదిహేను. మనిషి నిమ్మళంగా తినాలంటే పన్నెండు నిమిషాలన్న కావాలె, అంటే కూసున్న రెండు మూడు నిమిషాలల్ల కంచంల అన్నం పడాలె. లేట్ చేస్తే ఆయన సగం తిని లేస్తడు, పైసలు మాత్రం పూర్తిగ కట్టిపోతడు, అది చూస్తే నాకు మనసున పట్టదు.

అందుకని పనంతా పన్నెండులోపే అయిపోవాలె. మెనూ చిన్నగ పెట్టుకోండి: ఒక పప్పు (చుక్కకూర, టమాట, ఏ రోజుకు ఆ రోజు), ఒక కూర, పచ్చిపులుసు, పెరుగు, పైన కోడిగుడ్డు కూర లేకపోతే చికెన్. ఎండకాలం పచ్చిపులుసు పెద్ద ఆసరా, పొయ్యి మీద పెట్టే పని లేదు, కలిపేసి గంజుల పోసుకుంటే అయిపోతది, తిన్నోళ్లకు కడుపు చల్లగుంటది. లంచ్ టైమ్‌ల ఆమ్లెట్ మాత్రం పెట్టకండి. ఒక పెంకు మీద ఒక్కటే అయితది, నలుగురు అడిగిన్రంటే లైన్ మొత్తం ఆగుతది, దాని బదులు ఉడకబెట్టిన గుడ్డు కూరల ఏసుంటే గరిటెతోని తీసి పెట్టుడే. జొన్నరొట్టె పాలమూరు దిక్కు అడిగేటోళ్లు చానా మంది, అది చేతితోని తట్టేది కాబట్టి పదకొండుకే మొదలుపెట్టి బట్టల చుట్టి పెట్టుకోవాలె, ఎవరికెన్నో పొద్దున్నే చెప్పమనాలె.

అన్నం ఒకేసారి వండకండి, ఇది గట్టిగ చెప్తున్న. మొదటి గంజు 12కు దిగాలె, రెండోది 12:45కు. పొద్దున పదింటికే వండి పక్కకు పెట్టిన అన్నం గోరువెచ్చగ గంటలు గంటలు ఉంటే అండ్ల క్రిములు పెరుగుతయి, మళ్ల వేడి చేసినా వాటి విషం పోదు, వాంతులయితయి. వేడి తిండి 60 డిగ్రీల పైన ఉండాలె, అందుకని హాట్ బాక్సులు కొనండి, దానికాడ పిసినారితనం వద్దు. బియ్యం లెక్క అంటే మామూలు ఉద్యోగస్తులకు మనిషికి 150 గ్రాములు సరిపోతది, బస్తాలు మోసే హమాలీలకు 250 పట్టుకోండి. మిర్యాలగూడ మిల్లులల్ల బిహార్ నుంచి వచ్చినోళ్లు చానా మంది ఉన్నరు, వాళ్లకు బెల్ లేదు, లారీ లోడ్ అయినంకనే వస్తరు, ఆలుగడ్డ ఫ్రై, పప్పు ఉంటే సంబురంగ తింటరు.

పైసలు ముందే తీసుకోండి. గేటు కాడనే స్కానర్, టోకెన్ పెట్టి, తిన్నంక కౌంటర్ దగ్గర నిలబడే పని లేకుండ చెయ్యండి, నెలకు 26 కూపన్ల బుక్ ఇస్తే ఇంకా మంచిది. టేబుల్ మీద నీళ్ల జగ్గు, ఉప్పు, పచ్చడి ముందే ఉండాలె. ఎక్కువ మంది మర్చిపోయేది నల్లాలు. నలభై మంది కూసునే హోటల్‌కు ఒక్క నల్లా పెట్టి, వడ్డించెటోళ్లు స్లో అని తిడుతుంటరు, అక్కడ లైనే అయిదు నిమిషాలు తింటది. నాలుగు నల్లాలు పెట్టండి.

పక్క కంపెనీల సెక్యూరిటీ అన్నను అడిగితే ఏ బ్యాచ్ ఎప్పుడు బయటికొస్తదో చెప్తడు. 12:30కు ఒకటి, ఒంటిగంటకు ఒకటి అంటే మీకు రెండు ట్రిప్పులు, దాని ప్రకారమే కుర్చీలు. జీతాలు పడ్డ వారం చికెన్ ఎక్కువ పోతది, నెలాఖరుకు పప్పన్నమే, శ్రావణమాసంల కోడి తక్కువ వండుకోండి.

ఇంకొకటి, ఆడోళ్ల సంగతి. చానా మంది ఇంటికాడినుంచి సద్ది తెచ్చుకుంటరు, కూర ఒక్కటే కావాలె వాళ్లకు, హోటల్‌ల కూసోనీకి మొహమాటపడి కంపెనీ గోడ పక్కన ఎండల తింటరు. వాళ్ల కోసం ఒక టేబుల్ ఇడిసిపెట్టండి, కూర కొనకున్నా సద్ది ఇక్కడ తినమ్మా అని చెప్పండి. కూర పార్సిల్‌కు వేడి వేడిది పల్చటి కవర్ల పోయకండి, డబ్బా తెచ్చుకున్నోళ్లకు ఒక గరిటె ఎక్కువ పోస్తే మరుసటి రోజు నుంచి అందరు డబ్బాలే తెస్తరు.

ఒంటిగంటన్నరకు గిరాకీ పోయింది కదా అని పొయ్యి ఆర్పకండి. పొద్దున ఆరింటికి ఎక్కిన షిఫ్ట్ రెండింటికి దిగుతది, వాళ్లు ఎప్పుడో టీ బన్ను తిన్నోళ్లు, వాళ్లకోసం మూడో గంజు 1:30కు ఎక్కియ్యండి, అడుగున మిగిలింది ఊడ్చి పెట్టకండి.