లైపోజోమ్‌లు మొరాయిస్తే ముందు ఉష్ణోగ్రత చూడండి

లైపోజోమ్‌లంటే లిపిడ్ అనే కొవ్వు పదార్థపు పొరతో చేసిన బుల్లి గోళాలు. వాటి ప్రయోగం చెడిపోగానే మా ల్యాబ్‌లో పిల్లలు ముందు లిపిడ్‌నే అనుమానిస్తారు. "ఈ సీసా పాతబడిపోయినట్టుంది" అంటారు. చాలాసార్లు లిపిడ్ బాగానే ఉంటుంది. వేడి చాలలేదంతే.

చలికాలం పొద్దున గిన్నెలో పేరుకున్న నెయ్యి గుర్తుచేసుకోండి. చెంచా దిగదు. పొయ్యి పక్కన పెడితే మెల్లగా జారుతుంది. లిపిడ్ పొరదీ అదే తీరు. కాకపోతే నెయ్యిలో రకరకాల కొవ్వులుంటాయి కాబట్టి కొంచెం కొంచెంగా కరుగుతుంది; ఒకే రకం లిపిడ్‌తో చేసిన పొర మాత్రం ఒకట్రెండు డిగ్రీల తేడాలోనే గట్టి జెల్ నుంచి జారే స్థితికి మారిపోతుంది. ఆ మారే ఉష్ణోగ్రతనే ల్యాబ్‌లో టీఎమ్ అంటాం. లిపిడ్ రకాల్లో డీఎంపీసీకి అది 24 డిగ్రీలు, డీపీపీసీకి 41, డీఎస్‌పీసీకి 55. లిపిడ్ అణువుకుండే తోకలో 14, 16, 18 అని కార్బన్లు పెరిగేకొద్దీ టీఎమ్ పెరుగుతుంది. అదే 18 కార్బన్ల తోకల్లో ఒక్కో సిస్ ద్విబంధం పెట్టి చూడండి: తోకలు వంగి ఒద్దికగా సర్దుకోలేవు, టీఎమ్ సున్నాకు దాదాపు 17 డిగ్రీల దిగువకు పడిపోతుంది. అదే డీఓపీసీ.

ఎక్స్‌ట్రూడర్ సిరంజి బిగుసుకుపోతోంది, ఫిల్టర్ చిరుగుతోంది

ఎక్స్‌ట్రూడర్ అంటే లైపోజోమ్‌లను సన్నని రంధ్రాల ఫిల్టర్‌లోంచి తోసే పరికరం. అది బిగుసుకుందంటే పొర జెల్ స్థితిలో ఉంది. గట్టి పొర 100 నానోమీటర్ల రంధ్రంలోంచి వంగి దూరలేదు. నేను డీఎస్‌పీసీతో మూడు రోజులు ఇలాగే ఫిల్టర్లు చింపుకున్నాను. వాటర్ బాత్ డిస్‌ప్లే 65 చూపిస్తోంది, ఇక అనుమానం ఎందుకు అనుకున్నాను. నాలుగో రోజు ఉష్ణోగ్రత కొలిచే థర్మోకపుల్ తీగను ఎక్స్‌ట్రూడర్ బ్లాక్‌లో దూర్చి చూస్తే 47! బాత్‌లోంచి తీసి బల్ల మీదికి తెచ్చేలోపే లోహం చల్లారిపోతోంది.

బ్లాక్‌ను హాట్‌ప్లేట్ మీదే ఉంచండి. సిరంజిలు, ఫిల్టర్ సపోర్టులు కూడా అందులోనే పావుగంట వేడెక్కాలి. టీఎమ్ కన్నా 10 డిగ్రీలు పైన పెట్టుకోండి, కొలత బ్లాక్ దగ్గరే తీయండి. 21 సార్లలా బేసి సంఖ్యలో తోయండి. అప్పుడు చివరి నమూనా అవతలి సిరంజిలో చేరుతుంది, వడకట్టని ముద్దలు ఇవతలే ఉండిపోతాయి.

ఫ్లాస్కు గోడకు పట్టిన ఎండు లిపిడ్ ఫిల్మ్ ఊడిరావడం లేదు

ఫ్లాస్కును వేడిచేసి, బఫర్‌ను చల్లగా పోసి ఉంటారు. రెండూ టీఎమ్ దాటి ఉండాలి. అరగంట ఆగి, మధ్యమధ్యలో తిప్పండి.

ఒకే నమూనా, పొద్దున ఒక రీడింగ్, మధ్యాహ్నం ఇంకొకటి

డీఎంపీసీ వాడుతున్నారా? అయితే ఏసీ వంక చూడండి. హైదరాబాద్ మే నెలలో ఏసీ 20 దగ్గర ఉంటే పొర జెల్. కరెంటు పోయి గది 30 దాటితే ద్రవం. పొరలో కలిపే లార్డాన్ అనే వెలిగే రంగు కూడా ఆ మాటే చెబుతుంది: జెల్‌లో వెలుగు 440 నానోమీటర్ల దగ్గర, ద్రవంలో 490 వైపు. నమూనా గొట్టాన్ని పట్టే క్యూవెట్ హోల్డర్‌కు నీటి సర్క్యులేటర్ తగిలించండి, పది నిమిషాలు ఆగాకే రీడింగ్ తీయండి.

లోపల నింపిన రంగు కారిపోతోంది

సరిగ్గా టీఎమ్ దగ్గరే పొర ఎక్కువగా కారుతుంది. అప్పుడు జెల్ ముక్కలు, ద్రవపు ముక్కలు పక్కపక్కనే ఉంటాయి, వాటి అంచులు సరిగా అతకవు. ఇదే గుణాన్ని మందు విడుదలకు వాడుకుంటారు: కణితిని కాస్త వేడిచేస్తే లైపోజోమ్ అక్కడే మందు వదులుతుంది. నాకు ఈ రంగంలో అన్నిటికన్నా ఇష్టమైన విషయం ఇది. మీకు కారడం వద్దనుకుంటే డీపీపీసీని 41 దగ్గర నిలబెట్టకండి, త్వరగా దాటించండి. లేదా 30 మోల్ శాతానికి పైగా కొలెస్టరాల్ కలపండి. అప్పుడు పొర పీల్చుకునే వేడిని కొలిచే కెలోరీమీటర్‌లో టీఎమ్ దగ్గరి శిఖరం వెడల్పై మాయమైపోతే కంగారు పడకండి, యంత్రం చెడిపోలేదు. కొలెస్టరాల్ పని అదే.

ఫ్రిజ్‌లో పెడితే సైజు పెరిగిపోయింది

సోనికేట్ చేసిన, అంటే ధ్వని తరంగాలతో చిన్నవిగా విడగొట్టిన డీపీపీసీ గోళాలు టీఎమ్ దిగువన ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. అవి మరీ చిన్నవి. జెల్‌గా గట్టిపడ్డ పొర అంత వంపును తట్టుకోలేదు. వాటిని వెచ్చగానే ఉంచి ఆ రోజే వాడేయండి. నిల్వ పెట్టాలంటే ఎక్స్‌ట్రూడ్ చేసినవే మేలు. డీప్ ఫ్రీజర్‌లో మాత్రం ఉత్తినే పెట్టకండి, మంచు స్ఫటికాలు పొరను చింపేస్తాయి.

ఇన్ని సరిచూసినా తేడా పోకపోతే అప్పుడు లిపిడ్‌ను అనుమానించండి. పదార్థాలను మచ్చలుగా విడదీసి చూపే టీఎల్‌సీ ప్లేటు మీద లైసో లిపిడ్ (ఒక తోక పోయిన లిపిడ్) మచ్చ కనబడితే నీటితో చర్య జరిపి తోకలు తెగిపోయాయన్నమాట. రాత్రంతా 70 డిగ్రీల దగ్గర వదిలేసిన నమూనాల్లో ఇది జరుగుతుంది. దాన్ని పారేసి కొత్త సీసా తెరవండి.