మన అవతార్ మన చేత్తో – మూడో పాఠం: ఒంటి రంగు

ఆటల్లో, ప్రొఫైల్‌లో మన బదులు కనిపించే బొమ్మే అవతార్. దాన్ని మనమే గీసుకుంటున్నాం కదా, కిందటి పాఠంలో ముఖం గీతల దాకా వచ్చి ఆగాం. గడ్డం, చెవులు, కనుబొమలు కుదిరాయా? కుదరకపోయినా ఆ లేయర్‌ని (గీతలున్న పొరని) చెరపకండి, తర్వాత సరిచేసుకోవచ్చు. జుట్టు, బట్టలు కూడా ఈ వారమే చెప్పేద్దామనుకున్నాను. కానీ ఒంటి రంగుకే ఒక పాఠం మొత్తం కావాలనిపించింది.

మొన్న ఆదివారం మా మేనకోడలు విశాఖ పెదవాల్తేరులోని మా ఇంటికి వచ్చింది. తొమ్మిదో తరగతి చదువుతోంది. ఫోన్‌లో కొత్త ఆట వేసుకుని అందులో తన బొమ్మ తయారుచేసుకుంటోంది. జడ దొరికింది, కళ్లజోడు దొరికింది. ఒంటి రంగు స్లైడర్ రాగానే ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా తెల్లటి చివరికి లాగేసింది. "ఇది నువ్వేనా తల్లీ?" అన్నాను. "నేనే అత్తా. అందరూ ఇలాగే పెట్టుకుంటారు" అంది. పిల్లది చామనఛాయ. నాదీ అదే రంగు. మనసు చివుక్కుమంది.

ఆటలో ఏ రూపమైనా వేసుకోవచ్చు. రాక్షసి, రోబో, నీలం చేప, ఎవరిష్టం వాళ్లది. మన సింహాద్రి అప్పన్న ఏడాదంతా చందనం పూతలోనే ఉంటాడు, నిజరూప దర్శనం అక్షయ తృతీయ నాడే. చందనంలో ఉన్నా స్వామే, నిజరూపంలో ఉన్నా స్వామే. వేషానికి నేను అడ్డు చెప్పను. కానీ ముచ్చటపడి నీలం చేప అవ్వడం వేరు, మన రంగు బాగోదని దాచుకోవడం వేరు. పైగా తెర మీద వేసుకున్న రూపం మన నడవడిని కూడా మార్చగలదు. నిక్ యీ, జెరెమీ బైలెన్సన్ అనే పరిశోధకులు 2007లో ప్రచురించిన స్టాన్‌ఫర్డ్ ప్రయోగాల్లో, పొడుగు అవతార్ దొరికినవాళ్లు డబ్బు పంచుకునే బేరంలో పొట్టి అవతార్ వాళ్లకంటే గట్టిగా నిలబడ్డారు. కాసేపు వేసుకున్న రూపానికే అంత పట్టు ఉంది. రోజూ వేసుకునే రూపాన్ని తీరిగ్గా ఎంచుకుందాం.

ముందు మన రంగు పట్టుకోవాలి. దానికో ఫొటో కావాలి. మిట్టమధ్యాహ్నం ఆర్కే బీచ్‌లో తీసుకున్న సెల్ఫీ పనికిరాదు. పైనుంచి ఎండ, కిందనుంచి ఇసుక వెలుతురు కొట్టి సగం ముఖం వెలిసిపోతుంది. ట్యూబ్‌లైట్ కిందా వద్దు. మేం సాయంత్రం డాబా ఎక్కి, వాటర్ ట్యాంకు నీడలో నిలబడ్డాం. బ్యూటీ ఫిల్టర్ తీసేసి, చెంప పక్కన ఒక తెల్ల కాగితం పట్టుకోమన్నాను. ఆ కాగితమే మనకు సాక్షి. ఫొటోలో కాగితం పసుపుగా కనిపిస్తే చెంప రంగులోనూ పసుపు కలిసిందన్నమాట. కాగితం తెల్లగా కనిపించేదాకా ఫొటో ఎడిటర్‌లో వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా రంగులు సర్దే మీట) సరిచేయండి. (ఈ ఫొటో రంగు తీసుకోవడానికే. పిల్లలు దీన్ని ఎక్కడా పెట్టకండి.)

ఇప్పుడు ఫొటోని కొంచెం బ్లర్ చేయండి. లేకపోతే ఐడ్రాపర్ (తాకిన చోట రంగుని పట్టుకునే పరికరం) ఒక మచ్చనో వెంట్రుకనో పట్టుకుని, అదే మీ రంగంటుంది. చెంప మీద ఒకసారి, దవడ కింద నీడలో ఒకసారి, నుదుటి మెరుపు మీద ఒకసారి రంగు తీసుకుని మూడు గళ్లుగా పెట్టుకోండి. బొమ్మలు గీసే యాప్‌లలో కంప్యూటర్‌లో క్రిటా అయితే ఉచితం, ఫోన్‌లో ఐబిస్ పెయింట్ చాలు. ఏ రంగుకైనా మూడు అంకెలు ఉంటాయి: హ్యూ అంటే రంగుల చక్రంలో దాని చోటు, శాచురేషన్ అంటే రంగు గాఢత, వాల్యూ అంటే వెలుతురు. మా పిల్ల చెంప దగ్గర హ్యూ 22, శాచురేషన్ 52, వాల్యూ 58 వచ్చాయి. దవడ కింద 16, 60, 40. తను రంగుల చక్రం వంక చూసి, "అత్తా, ఇది నారింజ దగ్గరుందేంటి?" అంది. సరిగ్గా పట్టుకుంది. గోధుమ రంగంటే ముదురు నారింజే. ఎవరి ఒంటి రంగైనా దాదాపు ఆ నారింజ వైపే, హ్యూ 15కీ 30కీ మధ్య తిరుగుతుంది. మారేది ముఖ్యంగా ముదురు, లేత.

ఆ రెండు వరసల అంకెలు మళ్లీ చూడండి. నీడలోకి వెళ్లేసరికి వాల్యూ తగ్గింది, శాచురేషన్ పెరిగింది, హ్యూ ఎరుపు వైపు జరిగింది. నేను మొదట్లో ఇది తెలియక, రెడీమేడ్ లేత రంగు తీసుకుని దానికి నలుపు కలిపేదాన్ని. ముఖం బూడిద పూసినట్టు వచ్చేది, జ్వరం పడి లేచినట్టుండేది. చామనఛాయలో ప్రాణమంతా ఆ ఎరుపులోనే ఉంది, నలుపు దాన్ని చంపేస్తుంది. గీతలకు కూడా నలుపు మానేసి ముదురు గోధుమ వాడండి.

మెరుపుకి తెలుపు వద్దు. ఉక్కపోతకి నుదురు, ముక్కు దూలం నిగనిగలాడతాయి కదా, ఆ నిగనిగలో ఆకాశం రంగు ఉంటుంది. లేత నీలం చాలా పలచగా వేసి చూడండి. పెదవులకు గులాబీ రంగు అంటించకండి. మనలో చాలామందికి పై పెదవి ముదురుగా, కింది పెదవి కాస్త ఎర్రగా ఉంటుంది. అరచేయి కనబడే బొమ్మయితే దాన్ని లేతగా ఉంచండి.

ఆటలో మన సొంత రంగు పెట్టుకునే వీలు లేకపోతే? ఎమోజీలకు 2015లో యూనికోడ్ (కంప్యూటర్లలో అక్షరాలకు, ఎమోజీలకు ప్రమాణాలు పెట్టే సంస్థ) ఐదు ఒంటి రంగులు ఇచ్చింది. చర్మ వైద్యులు వాడే ఫిట్జ్‌పాట్రిక్ స్కేలు దానికి ఆధారం. మా ఇంట్లో భోజనానికి కూర్చునే ఆరుగురివే ఆరు రంగులు, ఐదింటిలో ఎక్కడ ఇముడుతాం! అలాంటప్పుడు దగ్గరి రంగు తీసుకుని, బట్టలతో సర్దండి. తెల్ల చొక్కా పక్కన ఒళ్లు ముదురుగా కనిపిస్తుంది, ముదురు చొక్కా పక్కన లేతగా.

వెనక రంగుకి తెల్లవారుజామున మన సముద్రానికుండే బూడిద నీలం పెట్టి చూడండి. నారింజకి నీలం ఎదురు రంగు కాబట్టి ముఖం ముందుకొస్తుంది. బొమ్మని 512 పిక్సెల్స్‌లో వేసి, 64కి కుదించి మళ్లీ చూడండి. ప్రొఫైల్ గుండ్రంలో కనిపించేది ఆ చిన్న బొమ్మే.

ఈ వారం పని: మీ మూడు గళ్లు, ఇంట్లో ఇంకొకరివి మూడు గళ్లు, పక్కపక్కన. వచ్చే పాఠంలో జుట్టు. దానికోసం తల దువ్వకముందు ఒక ఫొటో, నూనె రాసి దువ్వుకున్నాక ఒక ఫొటో తీసి ఉంచుకోండి. ఉక్కకి నుదుటికి అతుక్కునే చిన్న వెంట్రుకలుంటాయే, అవి రెండింటిలోనూ కనబడాలి.