ఒక్కరే జీపు టాపు తీయడం – 3వ పాఠం: జానాబెత్తెడు

పోయిన పాఠం చివర ఇచ్చిన పని చేశారా? జీపు టాపును వేలాడదీయడానికి పోర్టికోలో బిగించిన నాలుగు కొక్కేలకూ తలా ఒక యాభై కిలోల సిమెంటు బస్తా వేలాడదీసి, రాత్రంతా అలాగే వదిలేసి, తెల్లారాక కొక్కెం మొదట్లో స్లాబుకు సన్నటి గీత పడిందేమో టార్చి వేసి చూడమన్నాను. చూడనివాళ్లు ఈ పాఠం పక్కన పెట్టి ముందు ఆ పని కానివ్వండి. బస్తా పడితే సిమెంటు పోతుంది, అంతే. టాపు పడితే కింద మీరుంటారు.

ఒకరిద్దరు ఫ్యాను కొక్కెం చాలదా అని అడిగారు. చాలదు. అది ఎలా కట్టిందో, దేనికి కట్టిందో స్లాబు పోసిన మేస్త్రీకే తెలియాలి. మా మల్కాజిగిరి ఇంట్లో తాతయ్య ఉయ్యాల బల్ల కోసం దూలంలో వేయించిన రెండు కొక్కేలు ఉన్నాయి కాబట్టి ముందు జత నాకు కలిసొచ్చింది. నలుగురు పిల్లలం ఒకేసారి ఎక్కి ఊగిన కొక్కేలవి. వెనక జత కోసం మాత్రం స్లాబుకు పైదాకా రంధ్రం వేసి, మేడ మీద ఇనుప పలక పెట్టి, కింద కన్ను బోల్టు బిగించాను. పైన వాన నీళ్లు దిగకుండా పలక చుట్టూ వాటర్‌ప్రూఫింగ్ పూత. అదంతా రెండో పాఠంలో చెప్పుకున్నదే.

కొత్తగా చేరినవాళ్ల కోసం రెండు ముక్కలు. నాది 2013 మహీంద్రా థార్ జీపు. మీదున్నది తర్వాత పెట్టించిన ఫైబర్ టాపు. నాలుగు మూలల కిందా వంతులవారీగా ఇంట్లోని బరువు మిషను పెట్టి తూస్తే మొత్తం 62 కిలోలు తేలింది. వెనక అద్దం ఉండటం వల్ల వెనక మూలలే కాస్త బరువు. మీ బండిది వేరే లెక్క కావచ్చు, తూచుకోండి. ఇంకోటి, టాపు తీసి రోడ్డెక్కే ముందు ఆర్‌సీలో బాడీ రకం ఏమని ఉందో చూసుకోండి. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్, రిజిస్ట్రేషన్ వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదంటుంది. టాపు తీయడం నేర్పడం నా పని. చలాను కట్టడం మీ పని.

ఇక అసలు సంగతి. ఈ పనికి సాయం పిలిచేవాళ్లంతా బరువు గురించే ఆలోచిస్తారు. నేనూ అంతే. మొదటిసారి మా వీధిలో ముగ్గురిని పిలిచి, నాతో కలిపి నలుగురం ఎత్తాం. 62 కిలోలు నలుగురికి ఒక లెక్కా? చక్కగా లేచింది. జానెడు లేచాక వెనక ఎడమ మూల పట్టుకున్నాయన జేబులో ఫోను మోగింది. ఆయన తీయలేదు పాపం, కానీ ఒక్క క్షణం జేబు వైపు చూశాడు. ఆ క్షణంలో మూల వంగింది, ఎదురు మూల ముందు అద్దం ఫ్రేముకు తట్టుకుంది, ఫైబర్ నాలుగంగుళాల మేర చిట్లింది. ఆ అతుకు ఇప్పటికీ కనిపిస్తుంది. మోయడానికి మనుషులు సరిపోయారు. నాలుగు మూలలూ చూసేవాడే లేడు.

అప్పుడు తట్టింది. మోయడం గొలుసుకు అప్పగిస్తే, తిరిగి చూడటానికి నేనొక్కణ్ణి చాలు. గొలుసుకు ఫోన్లు రావు.

బండి పెట్టడం

జీపును పోర్టికోలోకి వెనక్కి తీసుకురండి, ముక్కు గేటు వైపు ఉండాలి. దీనికి కారణం ఉంది. ఇలాంటి గట్టి టాపుకు పక్క గోడలు, వెనక గోడ ఉంటాయి. ముందు మాత్రం ఖాళీ, అక్కడ బండి అద్దమే గోడ. అందుకని టాపును ఆకాశానికి ఎత్తనక్కర్లేదు. కాస్త ఎత్తి ఆపి, దాని కింద నుంచి బండిని ముందుకు జరుపుకోవచ్చు. ముక్కు లోపలికి పెట్టినవాళ్లు బండిని వెనక్కి తీయాలి. అప్పుడు టాపు వెనక గోడ సీట్ల వెనక నిలబడే ఇనుప కమానును, అంటే రోల్ బార్‌ను దాటాలి కాబట్టి రెండున్నర అడుగులకు పైనే ఎత్తాలి. అంత ఎత్తడానికి మామూలు పోర్టికో చాలదు.

బండి నిలిపాక టైర్ల చుట్టూ నేల మీద గీత గీయండి, తిరిగి బిగించే రోజు అదే మీ కొలత. నేను తెలివిగా ముగ్గుపిండితో గీశాను. మర్నాడు పొద్దున్నే మా ఇంటావిడ కళ్లాపి చల్లి, ఆ గీత మీదే చక్కటి చుక్కల ముగ్గు పెట్టేసింది. పెయింటు వాడండి.

బోల్టులు, వైర్లు

బోల్టులు నానబెట్టి వదులు చేయడం మొదటి పాఠంలో అయిపోయింది. ఇప్పుడు పదమూడో నంబరు పానాతో ఊడదీయడమే. తీసినవాటిని పాత ఇడ్లీ రేకులో వేయండి. గుంటకో బోల్టు, దాని వాషరు, ఏ వరసలో తీశారో అదే వరస. నాలుగు మూలల్లో ఒక్కో బోల్టు మాత్రం సగం విప్పి ఉంచండి. పైపులు, గొలుసులు పట్టాకే వాటిని పూర్తిగా తీయాలి.

టాపుకూ బాడీకీ మధ్య సిలికాన్ పూసి ఉంటే గాలానికి కట్టే నైలాన్ తీగను రెండు చేతులకూ గుడ్డ చుట్టుకుని రంపంలా లాగండి, వెన్నలా కోస్తుంది. చైనా మాంజా వాడొచ్చా అన్న కుర్రాడికి: అది నిషేధించిన సరుకు. పైగా సిలికాన్ కంటే ముందు నీ వేళ్లు తెగుతాయి. ఫైబర్ గీసుకున్నచోట పొడి రాలుతుంది. నిండు చేతుల చొక్కా వేసుకోండి, లేకపోతే రెండు రోజులు గోక్కోవడమే.

వెనక వైపర్, లోపలి లైటు, స్పీకర్లు ఉంటే వాటి కనెక్టర్లు విప్పి, వైరు చివర టాపుకే టేపు వేసి అంటించండి. స్టెప్నీ తీసి పక్కన పెట్టండి. అది వెనక తలుపు మీద టాపు అంచు కంటే ఎత్తుగా నిలబడి ఉంటుంది. బండి కదిలినప్పుడు వెనక గోడకు కొడుతుంది.

పైపులు

ఏడడుగుల జీఐ పైపులు రెండు, ఒకటిన్నర అంగుళం లావువి. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో కొలత చెబితే కోసిస్తారు, చివర్లలో రంధ్రం వేసే షాపులూ అక్కడే ఉన్నాయి. ఒకటి ముందు తలుపుల గుండా అడ్డంగా, ముందు అద్దానికి వెనగ్గా దూర్చండి. రెండోది వెనక పక్క కిటికీల గుండా. టాపు అంచు పైపు మీద కూర్చోవాలి. నేరుగా కూర్చుంటే ఆ ఒక్క గీత మీదే బరువంతా పడి ఫైబర్ చిట్లుతుంది కాబట్టి, మధ్యలో మూరెడు చెక్కముక్క, దాని మీద మడత పెట్టిన గోనెసంచి.

పైపు ఎందుకు, బెల్టు చుట్టేస్తే పోలేదా? బెల్టు రెండు వైపుల నుంచీ టాపును లోపలికి నొక్కుతుంది. ఒకే కొక్కెం నుంచి నాలుగు తాళ్లు గొడుగు ఊచల్లా వదిలినా ఇదే బాధ. తాడు ఎంత ఏటవాలుగా పోతే దాని మీద లాగుడు అంత పెరుగుతుంది. నేలకు 30 డిగ్రీల వాలులో ఉన్న తాడు మీద, నిలువు తాడుతో పోలిస్తే రెట్టింపు లాగుడు. అందుకే నాలుగు మూలలకు నాలుగు కొక్కేలు, నిలువుగా నాలుగు గొలుసులు.

పైపు చివర రంధ్రంలో డీ షాకిల్, అంటే పిన్నుతో మూసే డి ఆకారపు ఇనుప కడియం. పై కొక్కెం నుంచి ఎనిమిది ఎంఎం గొలుసు. షాకిల్ పిన్ను గొలుసులోని ఏ లింకులోనైనా దూర్చవచ్చు, ఆ లింకు దగ్గర టాపు ఆగుతుంది. ఈ నాలుగు గొలుసులే మీ నలుగురు మనుషులు.

ఎత్తే పనికి రెండు అరటన్ను చైన్ పుల్లీలు. బోరు మోటారు చెడిపోయినప్పుడు మూడు కాళ్ల స్టాండుకు వేలాడదీసి పైపులు పైకి లాగుతారే, అదే. తాడూ గిలకా వద్దు. గిలక తాడు మీరు వదిలితే బరువు దిగిపోతుంది. చైన్ పుల్లీలో లోపల బ్రేకు ఉంటుంది, చేయి వదిలినా ఎక్కడిదక్కడే ఆగుతుంది. ఒక్కరే పని చేసేటప్పుడు ఇంతకంటే ఏం కావాలి?

ఎంత ఎత్తాలి?

ఇక్కడ కొలవకుండా ఎవరూ ముందుకు పోవద్దు. ముందు పైపు అడుగు నుంచి రోల్ బార్ పైఅంచు దాకా ఎంత తేడా ఉందో చూడండి. బండి ముందుకు జరిగినప్పుడు రోల్ బార్ సరిగ్గా ఆ పైపు కింద నుంచే పోవాలి. నా బండికి తేడా జానెడు. జానెడు ఎత్తితే రెండూ సరిసమానం, అంటే రాసుకుంటాయి. అందుకని పైన ఇంకో బెత్తెడు. మొత్తం జానాబెత్తెడు, అంటే అడుగు.

గొలుసులో రెండు లింకులు దాదాపు రెండంగుళాలు. నాలుగు మూలలూ ఒకసారి ఎత్తితే ఒక చుట్టు. ఒక్క లింకుతో చేసే మొదటి చుట్టు కాక, రెండేసి లింకుల చుట్లు ఆరు.

మొదటి లింకు

రెండు పుల్లీలూ ముందు జతకు తగిలించండి. గొలుసు బిగుసుకునే దాకా లాగి, ఆగి, మూలల్లో మిగిల్చిన నాలుగు బోల్టులూ తీసేయండి. ముందు రెండు మూలలూ ఒక్కటంటే ఒక్క లింకు ఎత్తండి. షాకిల్ వేయండి. పుల్లీలు వదులు చేసి వెనక్కి మోసుకెళ్లి, వెనక రెండు మూలలూ ఒక లింకు. షాకిల్. ఇక పుల్లీ వదిలేసి, బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేయండి.

పుల్లీ గొలుసును రెండు వేళ్లతో లాగండి. హాస్యానికి అనడం లేదు. మూలకు పదిహేను, పదహారు కిలోలు, అరటన్ను పుల్లీకి అది పూచికపుల్ల. రెండు వేళ్లకు రాకుండా గుప్పిట బిగించాల్సి వచ్చిందంటే ఎక్కడో ఏదో పట్టుకుంది. పిడికిలి నిండా గొలుసు పట్టుకుని లాగితే ఆ తేడా చేతికి తెలియదు. పోయినేడు నాకు వెనక కుడి మూలలో వేళ్లు నొప్పెట్టాయి. ఇంకో లాగు లాగితే వచ్చేస్తుందిలే అనిపించింది. ఆపి దిగి, లోపల పాకి చూస్తే, సీటు బెల్టు ప్లాస్టిక్ మూత వెనక ఒక బోల్టు నిక్షేపంగా ఉంది. ఇడ్లీ రేకులో ఒక గుంట ఖాళీగా ఉండటం అప్పుడు కనిపించింది.

సమంగా లేస్తోందో లేదో తెలియడానికి పారదర్శకమైన సీసాలు రెండు. సగం నీళ్లు పోసి, మూత బిగించి, ఒకటి ముందు పైపుకు పొడుగ్గా టేపుతో కట్టండి, రెండోది పక్క కిటికీ గట్టు మీద. నీటి గీత చూస్తే ఏ మూల వెనకబడిందో చెబుతుంది. ముందు జత ఎత్తినప్పుడు కిటికీ సీసా వాలుతుంది, వెనక జత ఎత్తగానే సరి అవుతుంది. పైపు మీది సీసా మాత్రం ఎప్పుడూ వాలకూడదు.

రెండో చుట్టు నుంచి రెండేసి లింకులు. ప్రతి చుట్టుకూ షాకిల్, ప్రదక్షిణం. విసుగే. నాకు గంటంబావు పడుతుంది. నాలుగో చుట్టులో ఉండగా ప్రహరీ మీద నుంచి పక్కింటి తమ్ముడు "ఏందన్నా, ఒక్కడివే గుంజుతున్నవ్? నేను రావాల్నా?" అన్నాడు. వద్దు తమ్మీ, మీ ఇంట్లో ఛాయ్ అయితే పంపు అన్నాను. పంపించాడు, ఉస్మానియా బిస్కెట్లతో సహా.

బండి బయటికి

జానాబెత్తెడు లేచాక నాలుగు షాకిళ్ల పిన్నులూ పూర్తిగా బిగించి ఉన్నాయో లేదో తాకి చూడండి. పుల్లీలు కూడా వెనక జతకే ఉంచండి, కాస్త బిగువుగా. టాపు ఊగకుండా రెండు పక్కలా పోర్టికో స్తంభాలకు తాడు కట్టండి.

ఫుట్‌స్టెప్ ఎక్కి, ముందు పైపు అడుగు ఎత్తుకూ రోల్ బార్‌కూ మధ్య పిడికిలి దూరుతుందేమో సరిచూడండి. దూరకపోతే ఇంకో లింకు. తర్వాత ‘4L’ (ఫోర్-లో, బండిని అతి నెమ్మదిగా నడిపే గేరు వరస), అందులో మొదటి గేరు. యాక్సిలరేటర్ మీద కాలు పెట్టొద్దు. క్లచ్ వదిలితే బండి చీమలా పాకుతుంది. ఒక అడుగు పోగానే బ్రేకు, హ్యాండ్ బ్రేకు, ఇంజను ఆపు, దిగు, వెనక గోడ చూడు, పైపు చూడు. మళ్లీ ఎక్కు. నేను ఐదుసార్లు దిగి ఎక్కుతాను. సీట్లో కూర్చుని తల వెనక్కి తిప్పి చూస్తే రోల్ బార్ కనిపిస్తుంది గానీ అది పైపుకు తగులుతోందో లేదో తెలియదు. కోణం మోసం చేస్తుంది.

బండి వెనక తలుపు టాపు ముందు అంచును దాటిందా? గేటు దాకా పోనిచ్చి ఆపండి. నెత్తి మీద ఎండ చురుక్కుమంటుంది. ఈసారి అనంతగిరికి అలాగే పోదామని నా ఆలోచన, వానలు వెనకబట్టాయి కదా.

టాపు ఇంకా గాల్లోనే ఉంది. దాన్ని అలా నెలల తరబడి వేలాడనివ్వకూడదు, రెండు పైపుల మీదే ఉంటే ఎండకు నడుము జారుతుంది. వచ్చే పాఠంలో కిందికి దించడం, దేని మీద కూర్చోబెట్టడం, బీడింగు (అంచు రబ్బరు) సంరక్షణ. అంతలోపు మీ పని: పాత టైర్లు నాలుగు సంపాదించండి, ఎర్రగడ్డ ఆదివారం సంతలో వెతికినా సరే, టైరు షాపులో అడిగినా సరే. నాలుగూ ఒకే సైజువి కావాలి. టాపు కిందికి మాత్రం పిల్లల్ని రానివ్వకండి, పిల్లిని కూడా.