రక్తపిశాచి, తోడేలు మనిషి, మాంత్రికుడు ఒకే జట్టులో ఉన్నప్పుడు ఆటను సమతూకంగా నడపడం

బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా కథను నడుపుతూ పాచికలతో ఆడే రోల్‌ప్లేయింగ్ ఆటలో ఒకరు రక్తపిశాచిని, ఒకరు తోడేలు మనిషిని, మరొకరు మాంత్రికుణ్ణి ఎంచుకుంటే, కథను నడిపించే గేమ్ మాస్టర్ సాధారణంగా మూడు పాత్రల శక్తులనూ పక్కపక్కన పెట్టి, ఎక్కువగా కనిపించినదానికి కోత వేస్తారు. ఆ కోత వల్ల ఆటగాడు ఇష్టపడి ఎంచుకున్న విషయమే పోతుంది, తేడా మాత్రం మరో రూపంలో అలాగే ఉంటుంది. తూచవలసినవి శక్తులు కావు, ఆంక్షలు. ఏ పాత్ర ఎప్పుడు, ఎక్కడ, ఎవరి ముందు నిస్సహాయమవుతుందో చూసుకుని, ఆ సందర్భాలు అందరికీ దాదాపు సమానంగా ఎదురయ్యేలా కథను అల్లాలి.

వరల్డ్ ఆఫ్ డార్క్‌నెస్ అనే రోల్‌ప్లేయింగ్ ఆటల శ్రేణిలో ఈ చిక్కు స్పష్టంగా కనిపిస్తుంది. రక్తపిశాచుల ఆట 1991లో, తోడేలు మనుషుల ఆట 1992లో, మాంత్రికుల ఆట 1993లో వెలువడ్డాయి. అన్నింటిలోనూ వాడేది పదిముఖాల పాచికలే కాబట్టి యథాతథంగా కలిపేయవచ్చని అనిపిస్తుంది, కానీ వాటిలో ప్రతిదీ దేనికదే పూర్తి ఆటగా రాసినది. తోడేలు మనిషి ‘ఆగ్రహం’ అనే తన పాయింట్లను ఖర్చు చేసి ఒకే వంతులో అదనపు దాడులు చేయగలడు. పక్కనున్న మాంత్రికుడు ఒక్క మంత్రం పూర్తిచేసేలోగా పోరాటమే ముగిసిపోవచ్చు. అదే మాంత్రికుడికి ఒక రాత్రంతా సన్నాహానికి వదిలితే, మిగిలిన ఇద్దరికీ చేయడానికి పనే ఉండదు.

అందుకే పాత్రల షీట్లు (ప్రతి పాత్ర శక్తులూ లక్షణాలూ రాసుకునే కాగితాలు) నింపకముందే ఊరినీ, రుతువునూ నిర్ణయించండి. కథను విజయవాడలో పెట్టారనుకుందాం. డిసెంబరులో ఇక్కడ సుమారు 5:30కే పొద్దు గుంకుతుంది, జూన్‌లో 6:45 వరకు వెలుతురు ఉంటుంది. ఉదయపు తేడా కూడా కలుపుకుంటే శీతకాలపు రాత్రి వేసవి రాత్రికంటే దాదాపు రెండు గంటలు పొడుగు. అంటే నియమాల్లో ఒక్క అక్షరం మార్చకుండానే, కథాకాలాన్ని జరిపి రక్తపిశాచి బలాన్ని పెంచవచ్చు, తగ్గించవచ్చు. అయితే పగటి సన్నివేశాలన్నీ తీసివేయడం మాత్రం సరికాదు. పగలు మిగిలినవారు సేకరించిన సమాచారానికి అర్థం చెప్పగలిగేది రక్తపిశాచి ఒక్కడే అయ్యేలా చూడండి. వందేళ్లకు పైగా బతికిన పాత్రకు 1957 నాటి ప్రకాశం బ్యారేజీకి ముందు అక్కడ ఉన్న పాత ఆనకట్ట గుర్తుంటుంది. ఆ రాళ్ల కింద ఏమి పూడ్చారో చెప్పగలవాడు సూర్యాస్తమయం దాకా లేవడు కాబట్టి, మిగిలిన ఇద్దరూ అతని కోసం ఆగక తప్పదు.

తోడేలు మనిషికి స్థలమే ఆంక్ష. బెంజ్ సర్కిల్ రద్దీలో అతడు రూపం మార్చలేడు, మారిస్తే చూసినవారు భయంతో చెల్లాచెదురవుతారు. వాసన పట్టి శత్రువును వెంటాడే అతని నేర్పు గుంటూరు మిర్చి యార్డులో అడుగు పెట్టగానే అక్కరకు రాకుండా పోతుంది. ఆ ఘాటుకు మామూలు మనుషులే తుమ్ముతారు, తోడేలు ముక్కు సంగతి చెప్పనక్కరలేదు. యార్డును శత్రువు దాక్కునే చోటుగా ఒక్కసారి వాడితే చాలు, ప్రతి కథలోనూ వాడితే ఆ ఆటగాణ్ణి శిక్షించినట్లవుతుంది. పోరాటం వచ్చినప్పుడు శత్రువును చంపడం ఒక్కటే లక్ష్యంగా పెట్టకండి. ఒకవైపు కొట్లాట సాగుతుండగా మరోవైపు కాలువ గేటు తెరవాలి, ఇంకోవైపు సాక్షిని తప్పించాలి. ఎన్ని అదనపు దాడులున్నా అతడు మూడు చోట్ల ఉండలేడు.

అన్నిటికంటే కష్టం మాంత్రికుడు. కొత్తగా ఆడుతున్న జట్టులో మొదటి కథకు ఈ పాత్రను అనుమతించకపోవడమే మంచిదని నా అభిప్రాయం. అనుమతిస్తే మాత్రం అతని విద్యను మొదట్లో ఒకటి రెండు శాఖలకే పరిమితం చేయండి, సాధారణ ప్రజల కళ్లముందు బాహాటంగా చేసే మంత్రానికి ఎదురుదెబ్బ తప్పదన్న నియమాన్ని మొహమాటం లేకుండా అమలు చేయండి. ఆపైన అతని సన్నాహ కాలాన్ని గడియారానికి కట్టండి: శత్రువు తెల్లవారుజామున విజయవాడ జంక్షన్‌లో రైలెక్కుతున్నాడంటే, సుదీర్ఘమైన క్రతువుకూ తొందరపాటు మంత్రానికీ మధ్య ఏదో ఒకటి అతడే ఎంచుకోవాలి.

విదేశీ కోవలే పట్టుకుని ఉండనవసరం లేదు. మన కథల్లోని పాత్రలకు ఆంక్షలు పుట్టుకతోనే వస్తాయి. విక్రమార్కుడు మౌనం వీడగానే భేతాళుడు చెట్టెక్కేస్తాడు. జట్టులో ఒకరు భేతాళుణ్ణి తీసుకుంటే, అతని ప్రశ్నకు తోటివారు నోరు విప్పిన ప్రతిసారీ అతడు సన్నివేశం నుంచి మాయమవుతాడన్న ఒక్క నియమం చాలు, పాచికల లెక్కలతో సరిచేసే పని ఉండదు.

సమతూకం కుదిరిందా లేదా తెలుసుకోవడానికి దెబ్బల లెక్క చూడవద్దు. ఒక కాగితంపై ఆటగాళ్ల పేర్లు రాసుకుని, ఎవరి నిర్ణయం వల్ల కథ మలుపు తిరిగితే వారి పేరు పక్కన గీత పెట్టండి. ఆట ముగిసేసరికి ఒకరి పేరు పక్కన గీతే లేకపోతే, ఆ ఆటగాడు ఆటలో అరటిపండుగా మిగిలాడన్నమాట. దాన్ని అప్పటికప్పుడు సరిదిద్దబోయి మధ్యలో నియమాలు మార్చకండి. వచ్చేవారపు మొదటి సన్నివేశాన్ని ఆ పాత్ర తప్ప మరొకరు పరిష్కరించలేని చిక్కుతో ప్రారంభించండి. వరుసగా రెండు మూడు వారాలు ఒకే పేరు పక్కన గీతలు పేరుకుంటే, ఆ ఆటగాడితో విడిగా మాట్లాడి, అతని పాత్రకు కొత్త శక్తికి బదులు కొత్త బాధ్యత ఇవ్వండి: కాపాడవలసిన కుటుంబమో, తీర్చవలసిన మాటో, పగటిపూట వదిలి రాలేని ఉద్యోగమో.