తెలుగులో కస్టమర్లకు ఎస్సెమ్మెస్ పంపే ఏర్పాటు ఎలా చేసుకోవాలి?

ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ డయాగ్నస్టిక్ ల్యాబుల కోసం యాప్ తయారు చేసిందనుకుందాం. పేరు నమోదు చేసుకున్నవారికి ఓటీపీ వెళ్ళాలి, రిపోర్టు తయారైనప్పుడు తెలుగులో ఒక కబురు వెళ్ళాలి. ప్రోగ్రామర్‌కు ఇది గంటలో తేలిపోయే పనిలా కనిపిస్తుంది, ఎందుకంటే మన తరఫున సందేశాలను ఆపరేటర్లకు అందించే గేట్‌వే సంస్థ ఇచ్చే ఏపీఐని (మన ప్రోగ్రాం వారి వ్యవస్థతో మాట్లాడే మార్గం) వాడుకోవడానికి నాలుగైదు వరుసల కోడ్ చాలు. కానీ మన దేశంలో వ్యాపార సందేశం ఏదైనా సరే, అందులోని వాక్యం ముందే ఆమోదం పొంది ఉంటేనే ఫోనుకు చేరుతుంది. కాబట్టి కోడ్ సంగతి తర్వాత చూడవచ్చు, ముందు వాక్యం సంగతి తేల్చుకోవాలి.

మొదటి పని నమోదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం, సందేశాలు పంపదలచిన ప్రతి సంస్థా డీఎల్‌టీ అనే వ్యవస్థలో పేరు నమోదు చేసుకోవాలి. ఇది ఆపరేటర్లందరూ పంచుకునే డిజిటల్ చిట్టా. జియో, ఎయిర్‌టెల్, వీఐ, బీఎస్‌ఎన్‌ఎల్ వంటి వాటిలో ఏదో ఒక ఆపరేటర్ పోర్టల్‌లో పాన్, జీఎస్టీ పత్రాలు, సంతకం చేసే అధికారి పేరిట అధికార పత్రం సమర్పిస్తే, పరిశీలన తర్వాత 19 అంకెల ఎంటిటీ ఐడీ (సంస్థ గుర్తింపు సంఖ్య) వస్తుంది. నమోదు కాని సందేశాలను ఆపే వడపోతను 2021 మార్చి 8న అమలులోకి తెచ్చినప్పుడు దేశమంతటా బ్యాంకుల ఓటీపీలు సహా ఎన్నో సందేశాలు ఆగిపోయాయి, మర్నాడే ట్రాయ్ దాన్ని వారం పాటు నిలిపివేయవలసి వచ్చింది. పెద్ద సంస్థలే తమ సందేశాల నమూనా వాక్యాలు నమోదు చేయక చిక్కుకున్న సందర్భం అది.

ఆ తర్వాత హెడర్, అంటే పంపినవారి పేరుగా ఫోనులో కనిపించే ఆరక్షరాల గుర్తు. కంపెనీ పేరుకు దగ్గరగా ఉండేది కోరుకోండి, సంబంధం లేనిదైతే తిరస్కరిస్తారు. హెడర్‌కు ముందు వచ్చే రెండు అక్షరాలు ఆపరేటర్‌నూ సర్కిల్‌నూ (టెలికాం ప్రాంతాన్ని) తెలుపుతాయి. 2025 నుంచి చివర్లో మరో అక్షరం కూడా చేరుతోంది: ప్రకటన అయితే పీ, సేవా సమాచారం అయితే ఎస్, లావాదేవీ అయితే టీ, ప్రభుత్వ సందేశం అయితే జీ. రిపోర్టు తయారైందన్న కబురు సేవా సమాచారమే గాని, దాని తోక పట్టుకుని పండుగ తగ్గింపు గురించి ఒక్క ముక్క చేర్చినా అది ప్రకటన కిందకు వస్తుంది. డీఎన్‌డీలో ఉన్నవారికి, అంటే ప్రకటనలు వద్దని నమోదు చేసుకున్నవారికి, చేరకుండా ఆగిపోతుంది కూడా.

ఇక అసలైన పని, నమూనా వాక్యం రాయడం. పేరు, తేదీ వంటి మారే భాగాలకు వేరియబుల్ గుర్తులు పెట్టి, మిగిలిన పాఠాన్ని అక్షరం పొల్లుపోకుండా నమోదు చేయాలి. ఒక్కో వేరియబుల్‌లో పట్టే అక్షరాలకూ పరిమితి ఉంటుంది. ఇంగ్లిష్ సందేశం ఒక్కదానిలో 160 అక్షరాలు పడితే, తెలుగులో 70 మాత్రమే పడతాయి. అది దాటితే ముక్కకు 67 చొప్పున విడగొట్టి, ఒక్కో ముక్కకూ విడిగా డబ్బు వసూలు చేస్తారు. పైగా ఇక్కడ అక్షరం అంటే మనం బడిలో నేర్చుకున్న అక్షరం కాదు. 'స్త్రీ' అనేది మనకు ఒక్క అక్షరం. యంత్రానికి స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం కలిపి ఆరు.

ఒక ఉదాహరణ లెక్కిద్దాం. 'మీ రిపోర్టు సిద్ధంగా ఉంది. రేపు ఉదయం 10 గంటల తర్వాత తీసుకోవచ్చు.' ఇది ఖాళీలతో సహా 64. చివర ల్యాబు పేరు చేర్చామంటే 70 దాటుతుంది, ఖర్చు రెట్టింపవుతుంది. 'మీ రిపోర్టు సిద్ధం. రేపు 10 గంటల తర్వాత తీసుకోండి.' ఇది 50. పేరుకు ఇంకా 20 మిగిలాయి, రాత్రి 10 గంటలకు ల్యాబుకు వెళ్ళేవారెవరూ ఉండరు కనుక 'ఉదయం' పోయినా నష్టం లేదు. ఇంగ్లిష్‌లో పంపేవారికీ ఇలాంటి గుంట ఒకటుంది: రూపాయి చిహ్నం ఒక్కటి వాడినా మొత్తం సందేశం 70 అక్షరాల పద్ధతికి మారిపోతుంది, అందుకే చాలా సందేశాల్లో ఆ చిహ్నానికి బదులు అక్షరాలే కనిపిస్తాయి.

తెలుగులో పంపేవారిని అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించేది కంటికి కనిపించని గుర్తు. 'రిపోర్ట్‌లు' అని టైపు చేసినప్పుడు ట కింద ల వత్తు పడకుండా ఆపడానికి మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు చేరుతుంది. ఒకసారి మా నమూనాలో ఆ గుర్తు లేకుండా ఆమోదం వచ్చింది, ప్రోగ్రాం పంపిన వాక్యంలో మాత్రం అది ఉంది. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తున్నా ఒక్క సందేశమూ వెళ్ళలేదు, కారణం కనిపెట్టడానికి రోజున్నర పట్టింది. అప్పటి నుంచి మేము 'రిపోర్ట్' అని రాయడం మానేసి 'రిపోర్టు' అనే రాస్తున్నాం. అచ్చుతో ముగిసే మాటకు ఆ గుర్తు అవసరమే రాదు. ఆమోదం వచ్చిన పాఠాన్ని పోర్టల్ నుంచే కాపీ చేసి కోడ్‌లో పెట్టండి, మళ్ళీ టైపు చేయకండి.

సందేశంలో లింకు ఉంటే దాన్ని కూడా ముందే నమోదు చేయాలి. 2024 అక్టోబరు 1 నుంచి నమోదు కాని లింకులున్న సందేశాలను ఆపేస్తున్నారు. అలాగే మీ నుంచి గేట్‌వే సంస్థ మీదుగా ఆపరేటర్ వరకు సందేశం ఎవరెవరి చేతుల మీదుగా వెళ్తుందో ఆ గొలుసును పోర్టల్‌లో చూపి, అవతలివారి చేత ఒప్పించుకోవాలి. 2024 డిసెంబరు నుంచి ఇది లేకుండా ఏదీ కదలదు.

ఇప్పుడు కోడ్. ఎంటిటీ ఐడీ, నమూనా ఐడీ, హెడర్, మారే భాగాలు నింపిన పాఠం కలిపి పంపాలి. గేట్‌వే వెంటనే 'స్వీకరించాం' అని జవాబిస్తుంది గాని, అది చేరినట్టు కాదు. సందేశం ఫోనుకు అందిందని తెలిపే డెలివరీ రిపోర్టు వచ్చాకే చేరినట్టు నమోదు చేసుకోండి, విఫలమైతే వచ్చిన కోడ్‌ను భద్రపరచండి. ఓటీపీ విషయంలో ఒక్కో నంబరుకు గంటకు ఇన్నిసార్లేనన్న పరిమితి తప్పదు, ఎందుకంటే మోసగాళ్ళు ప్రోగ్రాములతో వేలకొద్దీ ఓటీపీలు అడిగించి మీ చేత బిల్లు కట్టిస్తారు. ఆండ్రాయిడ్‌లో ఓటీపీ దానంతటదే నిండాలంటే, సందేశం చివర యాప్‌కు చెందిన 11 అక్షరాల సంకేతం ఉండాలి, అది నమూనాలోనూ ఉండాలి.

చివరిగా, నాలుగు ఆపరేటర్ల సిమ్ములతోనూ పంపి చూడండి. వాటిలో ఒకటి పాత కీప్యాడ్ ఫోనులో వేసి చూడండి, తెలుగు స్థానంలో డబ్బాలు కనిపించే ఫోన్లు పల్లెల్లో ఇంకా ఉన్నాయి. అటువంటివారి కోసం అదే కబురును ఇంగ్లిష్ లిపిలో మరో నమూనాగా నమోదు చేసి, పేరు రాసుకునేటప్పుడే ఏది కావాలో అడగమని ల్యాబు కౌంటరులో ఉన్నవారికి చెప్పండి.