డెల్టా ఊళ్లలో ఎన్నికల సర్వే: ఓటరు నోట్లో మాట పెట్టకుండా అడగడం ఎలా

"కాలువ పూడిక తియ్యక దాళ్వాకి నీళ్లందలేదు కదండీ, ఈసారి ఎమ్మెల్యేని మారుస్తారా?" ఈ ప్రశ్నకి వచ్చిన జవాబుల్ని శాతాలు కట్టి ప్రకటిస్తే దాన్ని సర్వే అనకూడదు. ఫిర్యాదు, కారకుడు, శిక్ష అన్నీ ప్రశ్నలోనే ఉన్నాయి. ఓటరుకి మిగిలింది తలూపడమే. (దాళ్వా అంటే డెల్టాలో రబీ వరి పంట.)

ఇలాంటి ప్రశ్న ఫలితాన్ని మారుస్తుంది, కానీ అన్నిచోట్లా ఒకేలా కాదు. ఏ గుర్తుకి వెయ్యాలో తేల్చుకున్నవాళ్లు ఎలా అడిగినా పెద్దగా కదలరు. తేల్చుకోనివాళ్ల దగ్గర, పనితీరు బాగుందా లేదా అన్నచోట, ఏ సమస్య ముఖ్యమన్నచోట మాట మారితే జవాబు మారుతుంది. అమెరికాలో 1940 ప్రాంతంలో ఒకే విషయాన్ని రెండు రకాలుగా అడిగి చూశారు. ప్రజాస్వామ్యానికి వ్యతిరేకంగా ఉపన్యాసాలు అనుమతించాలా అంటే 62 శాతం వద్దన్నారు. నిషేధించాలా అంటే అవునన్నవాళ్లు 46 శాతమే. 2003లో అమెరికాలో సర్వేలు చేసే ప్యూ సంస్థ ఇరాక్ మీద సైనిక చర్య గురించి అడిగితే 68 శాతం సమర్థించారు. "అమెరికా సైన్యంలో వేలమంది చనిపోయినా, గాయపడినా సరేనా" అన్న ముక్క చేర్చేసరికి అది 43కి పడిపోయింది.

తెలుగులో మొగ్గు చిన్న ముక్కల్లో దాగుతుంది. అందుకే ప్రశ్నపత్రం రాశాక మొదట వెతకాల్సినవి "కదా", "-గా", "ఇంకా", "కూడా", "అయినా". "మీరు ఇంకా ఆ పార్టీకేనా?" అన్నదాంట్లో "ఇంకా" తీసేయండి, "ఆ పార్టీకే" తీసేసి "ఏ పార్టీకి?" అనండి. "రోడ్లు బాగానే వేశారుగా" అన్నది అసలు ప్రశ్నే కాదు. అభ్యర్థుల పేర్లు చదివేటప్పుడు ఒకరికి "గారు" తగిలించి మరొకరికి వదిలేయడం చాలా మామూలుగా జరిగే తప్పు. పెడితే అందరికీ పెట్టండి, లేదా ఎవరికీ వద్దు.

గోదావరి జిల్లాల్లో ఇంకో చిక్కుంది. ఇంటికొచ్చిన మనిషి మాట కాదనడం ఇక్కడ మర్యాద కాదు. "ఆయ్" అన్నారంటే ఒక్కోసారి "వింటున్నానండి, చెప్పండి" అనే అర్థం. సర్వే కుర్రాడు దాన్ని "అవును" గడిలో టిక్కు పెట్టుకుంటాడు. అవును, కాదు అనే ప్రశ్నల్ని తగ్గించి ఇలా అడిగితే ఈ బెడద చాలావరకు పోతుంది: "ధాన్యం కొనుగోలు జరిగిన తీరు మీకు ఎలా అనిపించింది? చాలా బాగుందా, బాగుందా, బాగాలేదా, అసలు బాగాలేదా?" మంచివైపు రెండు, చెడువైపు రెండు, సమానంగా ఉండాలి. ముందుగా "ఈ దాళ్వాలో మీరు ధాన్యం అమ్మారా?" అని అడిగి, అమ్మినవాళ్లకే ఆ ప్రశ్న వేయండి. కొనుగోలునీ కాలువ మరమ్మతుల్నీ ఒకే ప్రశ్నలో కలిపితే జవాబు దేనికో ఎవరికీ తెలియదు.

ప్రశ్నల వరుస కూడా మాటలంత పనిచేస్తుంది. శివారు నీళ్ల గురించి, రొయ్య ధర గురించి, కరెంటు చార్జీల గురించి పది ప్రశ్నలు అడిగి, ఆ వేడిలో "ఎవరికి ఓటేస్తారు" అంటే వచ్చేది ఆ వేడి జవాబు. ఆ నియోజకవర్గం ఓటర్ల జాబితాలో పేరుందో లేదో చూసుకున్నాక వెంటనే ఓటు ప్రశ్న అడిగేయండి. సమస్యలు, సంతృప్తి ఆ తర్వాత. కులం, ఆదాయం చివర్లో.

ఓటు ప్రశ్నని నోటితో చెప్పించకపోవడం మంచిది. ఎన్నికల సర్వేలు చేసే లోక్‌నీతి పరిశోధకులు చేసినట్టు గుర్తులున్న నమూనా బ్యాలెట్ కాగితం ఇచ్చి, మడిచి డబ్బాలో వేయించండి. నోటా గుర్తు మరిచిపోకూడదు. నామినేషన్ల ఉపసంహరణ అయ్యాక అసలు బ్యాలెట్ వరుసే వాడండి. అంతకు ముందైతే పేర్ల వరుస మారుస్తూ రెండు మూడు రకాలు అచ్చువేయండి, ఎందుకంటే చదివేవాళ్లు మొదటి పేర్లవైపు, ఫోన్లో వినేవాళ్లు చివరి పేర్లవైపు మొగ్గుతారు. "ఇంకా తేల్చుకోలేదు", "చెప్పను" రెండూ వేర్వేరు గడులు. రెండోసారి గుచ్చి అడిగి వాళ్లని ఏదో ఒక పార్టీ లెక్కలో వేసెయ్యొద్దు.

ముఖ్య సమస్య ఏమిటన్నది జాబితా చదవకుండా అడగాలి: "మీ ఊరికి ఇప్పుడు అన్నిటికంటే పెద్ద సమస్య ఏది?" లంక గ్రామంలో ఏటి కోత అంటారు, భీమవరం వైపు చేపల, రొయ్యల మేత ధర అంటారు, కాలువ చివర శివారు ఆయకట్టుకి నీరు అంటారు. వాళ్లన్న మాటనే రాసుకోవాలి. జాబితా చూపితే అందులో ఉన్నదానికే ఓట్లు పడతాయి. 2008 అమెరికా ఎన్నికల తర్వాత ఆర్థిక వ్యవస్థే ముఖ్యమని జాబితా విన్నవాళ్లలో 58 శాతం అన్నారు, జాబితా లేకుండా అడిగితే 35 శాతమే.

కాగితం ఎంత శుద్ధంగా ఉన్నా అడిగే మనిషి చెడగొట్టగలడు. ప్రశ్నని అక్షరం మార్చకుండా చదవాలి. అర్థం కాలేదంటే మళ్లీ అదే చదవాలి తప్ప సొంతంగా వివరించకూడదు. "మీరేమంటారు బాబూ?" అని పెద్దాయన అడిగితే "మీరనుకున్నదే రాసుకోవాలండి" అని ఊరుకోవాలి. పార్టీ రంగు కండువా, జేబులో అభ్యర్థి కార్డు ఉండకూడదు. అరుగు మీద నలుగురు కూర్చుంటే పక్కకి పిలిచి అడగాలి. సర్వేకి ఎంచిన పేర్లలో ఇంటావిడ పేరు వచ్చినప్పుడు ఇంటాయన జవాబు తీసుకోవద్దు. పేరు వచ్చినవాళ్లు గల్ఫ్‌లో ఉంటే "దొరకలేదు" అని రాయండి, పక్కింటాయనతో నింపెయ్యొద్దు.

ఊళ్లోకి వెళ్లేముందు 20, 30 మంది దగ్గర చదివి, "ఇప్పుడు నేనడిగింది మీ మాటల్లో చెప్పండి" అనండి. ముగ్గురు వేరేగా చెప్పారంటే ఆ ప్రశ్న మార్చాల్సిందే. అనుమానం తీరకపోతే ఆ ఒక్క ప్రశ్నే రెండు తీర్లుగా రాసి, సగంమందికి ఒకటి, సగంమందికి మరొకటి, ఎవరికి ఏది అన్నది చీటీ తీసి ఇవ్వండి. 400 మందిలో 200 చొప్పున అడిగినప్పుడు తేడా 10 శాతం పాయింట్లు దాటితేనే మాట తేడా అని చెప్పగలం. అంతకంటే తక్కువైతే ఎవరు దొరికారన్న అదృష్టం వల్ల కూడా రావచ్చు.

"ఫలానా అభ్యర్థి చెరువుల కోసం వరి పొలాలు ముంచాడని తెలిస్తే ఓటేస్తారా?" అని ఫోన్ వస్తే అది సర్వే పేరుతో వచ్చే ప్రచారం, జవాబు చెప్పక్కర్లేదు. మీరు ప్రకటించేటప్పుడు మాత్రం ప్రశ్న పూర్తి పాఠం, అడిగిన తేదీలు, ఎంతమంది, తేల్చుకోనివాళ్లు ఎంత శాతం అన్నవి తప్పక ఇవ్వండి. పోలింగ్ ముగియడానికి ముందు 48 గంటల్లో టీవీ వంటి ఎలక్ట్రానిక్ మాధ్యమాల్లో ఒపీనియన్ పోల్ ఫలితాలు ఇవ్వడాన్ని 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 126వ సెక్షన్ నిషేధిస్తుంది. కాబట్టి తేదీ లెక్క ముందే చూసుకుని పని మొదలుపెట్టండి.